ఎన్నిసార్లు కడిగినా పాచి మళ్లీ ఎందుకొస్తోంది?

ఎండలు ముదిరాయో లేదో, పాచి గురించి ఉత్తరాలు మొదలయ్యాయి. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచే ఎక్కువ. కొందరిది వాకిట్లో కట్టించుకున్న హౌజు, కొందరిది గేటు పక్కన ఫౌంటెన్, ఒక రైతన్నదైతే బత్తాయి తోటలో తవ్వించిన నీటి కుంట. అందరి బాధా ఒకటే కాబట్టి ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మాది నల్గొండ. పోయినేడు ఇల్లు కట్టుకున్నప్పుడు వాకిట్లో చిన్న హౌజు కట్టించాం. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. నడుమ చిన్న ఫౌంటెన్, ముప్పై గోల్డ్‌ఫిష్‌లు, ఒక కుండీలో తామర. మార్చి నుంచి నీళ్లు పాలకూర రుబ్బి కలిపినట్టు పచ్చగా అవుతున్నాయి. పది రోజులకోసారి మొత్తం తోడేసి, గోడలు బ్రష్‌తో రుద్ది బోరు నీళ్లు నింపుతున్నా. వారం తిరక్కుండా మళ్లీ అదే పచ్చదనం. మొన్న పొద్దున లేచి చూస్తే మూడు చేపలు చచ్చి తేలాయి. పూడ్పించేద్దాం అంటున్నాడు మా ఆయన. ఏం చేయమంటారు?

జవాబు: పూడ్పించకండమ్మా. మీ హౌజు బాగుపడుతుంది, కాకపోతే ముందు ఆ తోడేసి రుద్దడం ఆపాలి. పాచి అంత తొందరగా తిరిగి రావడానికి సగం కారణం అదే.

పాచి పెరగడానికి కావాల్సినవి ఎండ, వెచ్చటి నీళ్లు, తిండి. తిండి అంటే నత్రజని, భాస్వరం. మనం మొక్కలకు వేసే యూరియా, డీఏపీలో ఉండేవే ఇవీ. మీ హౌజులోకి ఇవి ఎక్కడెక్కడి నుంచి వస్తున్నాయో ఒకసారి చూడండి. మొదటిది చేపల మేత, చేపల మలం. మీరిచ్చిన కొలతల ప్రకారం హౌజులో పట్టేది సుమారు 1,350 లీటర్లు. ఒక్కో గోల్డ్‌ఫిష్‌కు 100 లీటర్లయినా ఉండాలని లెక్క వేసుకుంటే పదమూడు చేపలకు సరిపోయే నీళ్లు, అందులో ముప్పై వదిలారు. రెండోది తామర కుండీ. నాటేటప్పుడు మట్టిలో పశువుల ఎరువో, గుప్పెడు డీఏపీయో కలిపే ఉంటారు, అది మెల్లగా నీళ్లలోకి దిగుతూనే ఉంటుంది. మూడోది బోరు నీళ్లు. చుట్టుపక్కల పొలాల ఎరువులు, సెప్టిక్ ట్యాంకుల నీళ్లు భూమిలోకి ఇంకే చోట బోరు నీళ్లలో నైట్రేట్లు ఉంటాయి, అలాంటప్పుడు మొత్తం తోడేసి మళ్లీ నింపిన ప్రతిసారీ పాచికి కొత్తగా భోజనం పెట్టినట్టే. ఇవి కాక పొద్దున్నే చల్లిన కళ్లాపి నీళ్లు అటు పారుతున్నాయా? తులసి కోట దగ్గరి పూలు అందులో పడుతున్నాయా? వేప చెట్టు పక్కనే ఉంటే ఆకు రాలే కాలంలో రాలిందంతా అడుగుకు చేరి కుళ్లుతుంది, అది వేరే.

ఇక చేపలు ఎందుకు చచ్చాయి? అవి పొద్దున చచ్చి కనిపించాయన్నారు చూడండి, కిటుకు అక్కడే ఉంది. నీళ్లలో కలిసిపోయిన ఈ పచ్చ పాచి పగలు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది. తెల్లవారేసరికి నీళ్లలో పెద్దగా ఏమీ మిగలదు. పైగా నీరు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్‌ను తక్కువ పట్టుకుంటుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే నీరు 35 డిగ్రీల దగ్గర 7 దాకానే పడుతుంది. ఒక రోజు ఐదింటికి, వెలుతురు రాకముందే టార్చి తీసుకుని హౌజు దగ్గరికి వెళ్లి చూడండి. చేపలన్నీ పైకి చేరి మూతి నీటి మట్టానికి పెట్టి గుటకలు వేస్తూ కనిపిస్తే ఊపిరాడటం లేదని అర్థం. ఎనిమిదింటికి చూస్తే ఏమీ తెలియదు, అప్పటికే ఎండ వచ్చి అంతా మామూలుగా ఉంటుంది.

అందుకే నేను అందరికీ మొదట చెప్పేది, ఫౌంటెన్ రాత్రిపూట ఆపొద్దు అని. మనమేమో సాయంత్రం చుట్టాలొస్తే అందంగా ఉంటుందని వేసి పడుకునేటప్పుడు కట్టేస్తాం. చేపలకు అది నిజంగా కావాల్సింది రాత్రి పదింటి నుంచి పొద్దున ఏడింటి దాకా. చిన్న మోటారే కదా, కరెంటు ఖర్చు పెద్దగా ఉండదు.

మిగతా పనులు వరసగా కాకపోయినా ఈ వారంలోనే మొదలుపెట్టండి. హౌజు మీద గ్రీన్‌నెట్ కట్టండి, 50 శాతం నీడ ఇచ్చేది చాలు. పదకొండు నుంచి నాలుగు దాకా పడే ఎండను ఆపితే పాచికి సగం బలం పోతుంది. నెట్ అందంగా ఉండదు, నాకూ నచ్చదు, కానీ జూన్ దాకా తప్పదు. ఈలోగా కలువలు పెంచండి. నీటి మట్టంలో సగానికి పైగా, మూడింట రెండు వంతుల దాకా ఆకులు కప్పేశాక నెట్ తీసేయొచ్చు. కలువలు తొందరగా రాకపోతే నీళ్ల మీద తేలే అంతర తామర నాలుగు మొక్కలు వదలండి, వాటి వేర్లు నేరుగా నీళ్లలోని నత్రజనిని లాగేస్తాయి. అవి పెరిగినకొద్దీ సగం తీసి కంపోస్టులో వేస్తుండాలి. చెరువులోనో కాలువలోనో మాత్రం పడేయకండి. గుర్రపు డెక్క అసలు తేవద్దు, మన చెరువులకు అది చేసిన చెరుపు చాలు. తామర కుండీ మట్టి మీద రెండంగుళాల మందాన కడిగిన ఇసుక పరచండి.

మేత రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేంతే. చేపల్లో సగం ఎవరికైనా ఇచ్చేయండి. ఇది వినడానికి కష్టంగా ఉంటుందని తెలుసు, పిల్లలు పేర్లు కూడా పెట్టుకుని ఉంటారు.

ఫిల్టర్ లేదన్నట్టు అనిపిస్తోంది, ఉంటే రాసేవారు. ఇంట్లోనే చేసుకోవచ్చు. 20 లీటర్ల పెయింటు బకెట్ శుభ్రంగా కడిగి, అడుగున గులక రాళ్లు, మధ్యలో గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు, పైన మందపాటి స్పాంజి పెట్టండి. మోటారు పైపు బకెట్ అడుగుదాకా దింపండి, నీళ్లు రాళ్లలోంచి పైకి లేచి అంచు దగ్గర పెట్టిన చిన్న పైపు గుండా హౌజులో పడాలి. మోటారు గంటకు కనీసం 1,000 లీటర్లు తోడేది తీసుకోండి. కొన్నాళ్లకు ఆ రాళ్లకు, పీచుకు జిగటగా ఒక పొర పడుతుంది. దాన్ని మురికి అనుకోకండి, చేపల మలంలోని అమ్మోనియాను మార్చేసే బ్యాక్టీరియా అదే. అది కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. స్పాంజి మూసుకుపోతే హౌజు నీళ్లే ఒక బకెట్లో తీసుకుని అందులో రెండుసార్లు పిండి మళ్లీ పెట్టేయండి, కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కు ఆ బ్యాక్టీరియా అంతా పోతుంది.

నీళ్లు మార్చడం వారానికి 150, 200 లీటర్లు చాలు, అదీ అడుగున పేరుకున్న మడ్డి దగ్గర పైపు పెట్టి లాగండి. మహబూబ్‌నగర్‌లో మా ఇంట్లో కొలను కట్టిన మొదటి ఏడు నేనూ మీలాగే మొత్తం తోడించి, బ్లీచింగ్‌తో రుద్దించి, ఆ సాయంత్రమే కుళాయి నీళ్లు నింపి చేపల్ని వదిలాను. తెల్లారేసరికి నాలుగు చేపలు పోయాయి, వాటిలో ఒకటి నా చేతిలోంచి మేత తిన్నది. ఆ రోజు నుంచి నీళ్లు ఒకేసారి మార్చలేదు. మిషన్ భగీరథ నీళ్లు వాడేవాళ్లు గుర్తుపెట్టుకోండి, అవి శుద్ధి చేసి క్లోరిన్ కలిపి పంపే నీళ్లు. మనకు మంచిది, చేపలకు విషం. డ్రమ్ములో పట్టి ఒక రోజంతా ఎండలో మూత లేకుండా ఉంచి పోయండి, తొందరైతే చేపల షాపులో యాంటీ క్లోరిన్ చుక్కలు దొరుకుతాయి.

నీళ్లు తేరుకుంటున్నాయో లేదో కంటికి తెలియదు, రోజూ ఒకేలా కనిపిస్తాయి. చేపల చెరువు రైతులు చేసే పని చేయండి. చేయి మోచేతి దాకా ముంచి అరచేయి కనిపిస్తుందేమో చూడండి. ఇవాళ మణికట్టు దగ్గరే మాయమైతే రాసిపెట్టుకోండి, మూడు వారాల తర్వాత మళ్లీ చూడండి. అద్దంలా అవ్వాలని మాత్రం పట్టుబట్టకండి. కొద్దిగా పచ్చ ఛాయ ఉన్న నీళ్లలోనే చేపలు హాయిగా ఉంటాయి.

డబ్బులు పెట్టగలిగితే యూవీ లైటు ఉన్న ఫిల్టర్ వస్తుంది, నీళ్లలో కలిసిన పచ్చ పాచిని అది వారం పది రోజుల్లో విరిచేస్తుంది. గోడలకు పట్టే జుట్టు పాచి మీద దాని ప్రభావం ఉండదు, తిండి తగ్గించకుండా లైటు ఒక్కటే పెడితే మిగిలిన తిండి తిని ఆ జుట్టు పాచి పెరుగుతుంది.

ప్రశ్న: మేడం, మహబూబ్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రాతి ఫౌంటెన్ ఉంది. చేపలు లేవు, మొక్కలు లేవు. రాళ్లకు పొడుగాటి పచ్చ దారాల్లాంటి పాచి, దాని మీద తెల్లటి పెచ్చు. నాజిల్స్ మూసుకుపోయాయి. నీళ్లు వృథా అవుతాయని మా ఆర్‌వో ప్లాంటు వదిలే నీళ్లే ఇందులో పోస్తున్నాం.

జవాబు: నీళ్లు వృథా చేయొద్దన్న మీ ఆలోచన నాకు నచ్చింది, కానీ ఆ నీళ్లు ఇక్కడ పనికిరావు. ఆర్‌వో మిషను మంచి నీళ్లు మనకిచ్చి, బోరులోని ఉప్పులన్నీ చిక్కగా చేసి ఇటు వదులుతుంది. ఫౌంటెన్‌లో నీళ్లు రోజూ ఆవిరవుతాయి, ఉప్పులు ఎక్కడికీ పోవు, మీరు మళ్లీ అవే పోస్తారు. రెండు నెలల్లో నాజిల్ మూసుకుపోక ఏమవుతుంది? ఆ నీళ్లు కారిడార్లు తుడవడానికి, బాత్రూముల్లో పోయడానికి వాడండి.

మీకు చేపలు లేవు కాబట్టి పని సులువు. పాచిని ముందు చేత్తో తీయించాలి. గరుకు కర్ర ఒకటి తీసుకుని సేమ్యా చుట్టినట్టు తిప్పితే దారాలన్నీ దానికి చుట్టుకుని కుచ్చుగా వచ్చేస్తాయి. నాజిల్స్ విప్పి నిమ్మ ఉప్పు కలిపిన వేడి నీళ్లలో రాత్రంతా నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. రాళ్లు గ్రానైట్ అయితే నిమ్మ ఉప్పు నీళ్లు వాడొచ్చు, షాబాద్ బండో పాలరాయో అయితే వద్దు, పులుపుకు అవి తినేసినట్టు అవుతాయి. తర్వాత మామూలు నీళ్లు నింపి వెయ్యి లీటర్లకు 15 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ లెక్కన, ముందు బకెట్లో కలిపి తేరిన నీళ్లే పోయండి. పొద్దుగూకిన తర్వాత పోయాలి, ఎండకు క్లోరిన్ గంటల్లో విరిగిపోతుంది. రాత్రంతా మోటారు తిరగాలి. వారానికోసారి ఇలా చేస్తే సరిపోతుంది. బ్లీచింగ్ ఉన్న నీళ్లలో నిమ్మ ఉప్పు గానీ బాత్రూం కడిగే యాసిడ్ గానీ పడకూడదు, ప్రాణం మీదికి తెచ్చే గ్యాస్ వస్తుంది. ఈ మాట మీ వాచ్‌మన్‌కు ఎదురుగా నిలబడి చెప్పండి. ఆ పూటకు పిచ్చుకల కోసం పక్కన మూకుడులో మంచి నీళ్లు పెట్టండి, ఈ ఎండల్లో అవి మీ ఫౌంటెన్‌నే నమ్ముకుని ఉంటాయి.

ప్రశ్న: నల్గొండ జిల్లా రైతును. నాలుగెకరాల బత్తాయి. బోరు నీళ్లు ప్లాస్టిక్ షీటు వేసిన కుంటలో నింపి డ్రిప్‌కు వదులుతాను. కుంటలో పాచి పట్టి రోజూ ఫిల్టర్ మూసుకుపోతోంది, చివరి చెట్లకు నీళ్లందడం లేదు. బోర్డో మిశ్రమానికి తెచ్చిన మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ఇంట్లో ఉంది. కుంటలో వేస్తే పాచి చస్తుందని పక్క రైతు అంటున్నాడు. వేయమంటారా?

జవాబు: వేయొద్దన్నా. మైలుతుత్తం పాచిని చంపే మాట నిజమే, పక్క రైతు అబద్ధం చెప్పలేదు. కానీ మన వైపు బోరు నీళ్లు కఠినం. అలాంటి నీళ్లలో మైలుతుత్తంలోని రాగి చాలా మటుకు విరిగి అడుగుకు దిగిపోతుంది, పాచి పూర్తిగా చావదు, చావలేదని ఇంకాస్త వేస్తాం. రాగి మాత్రం ఎక్కడికీ పోదు. కుంట అడుగున, అక్కడి నుంచి డ్రిప్‌లో చెట్టు మొదట్లో పేరుకుంటుంది. గట్టిగా పనిచేసిన చోట ఇంకో చిక్కు, పాచి అంతా ఒక్కసారి చచ్చి కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ అయిపోయి కుంటలో చేపలుంటే రాత్రికి రాత్రే చస్తాయి. పశువులు అక్కడ తాగుతుంటే అసలే వద్దు.

ముందు మోటారు నీళ్లు పీల్చే సక్షన్ పైపు ఎక్కడుందో చూడండి. చాలా కుంటల్లో అది అడుగున మడ్డిలో ఉంటుంది, లేదంటే పాచి తేలే పైమట్టంలో ఉంటుంది. ఖాళీ ప్లాస్టిక్ క్యాన్ ఒకటి కట్టి పైపు మూతి నీటి మట్టానికి రెండడుగుల కింద వేలాడేలా చేయండి, నీళ్లు తగ్గినా పెరిగినా అదే కిందికీ పైకీ పోతుంది. మూతికి జాలీ ఉండాలి. మీకు జాలీ ఫిల్టర్ ఒక్కటే ఉన్నట్టుంది. పాచి ఉన్న నీళ్లకు అది చాలదు, దాని ముందు ఇసుక ఫిల్టర్ తప్పనిసరి. దానికి ముందొకటి, వెనకొకటి ప్రెషర్ గేజీలు ఉంటాయి కదా, రెండింటికీ తేడా అర కేజీ వచ్చిందంటే నీళ్లు వెనక్కి తిప్పి ఫిల్టర్ కడగాల్సిందే (బ్యాక్‌వాష్). పదిహేను రోజులకోసారి చెట్ల వరసల వెంట పోయే లేటరల్ పైపుల చివరి మూతలు తీసి, తేట నీళ్లు వచ్చేదాకా వదలండి. మొదట ఎర్రగా, జిగటగా వచ్చేదే మీ చివరి చెట్ల నీళ్లను ఆపుతున్నది. నల్ల పైపులోకి వెలుతురు పోదు కాబట్టి అందులో పాచి పెరగదు, కానీ ఫిల్టర్ దాటిన ముక్కలు అక్కడ కుళ్లి జిగురవుతాయి. డ్రిప్ గుండా క్లోరిన్ గానీ యాసిడ్ గానీ వదలాలంటే మీ మండలం ఉద్యాన అధికారిని అడిగి మోతాదు తెలుసుకుని, రెండూ వేరువేరు రోజుల్లో చేయండి.

వీలైతే కుంట మీద తీగలు లాగి షేడ్‌నెట్ వేయించండి. ఖర్చే, కాదనను, అయితే పాచితో పాటు ఆవిరయ్యే నీళ్లు కూడా తగ్గుతాయి, మే నెలలో బోరు పోసే నీళ్ల విలువ మీకు నేను చెప్పక్కర్లేదు. కొన్ని వెండి చేపలు (సిల్వర్ కార్ప్), గడ్డి చేపలు (గ్రాస్ కార్ప్) వదిలినా మేలే. వెండి చేప నీళ్లలో కలిసిన పచ్చ పాచిని వడకట్టుకుని తింటుంది, గడ్డి చేప మెత్తటి నాచును తింటుంది. ఇంకొక్కటి. నీళ్ల మీద నీలి ఆకుపచ్చ రంగు పెయింటు ఒలికినట్టు తెట్టు కట్టి, ముతక వాసన వస్తే అది వేరే రకం. దానిలో విషం ఉండొచ్చు. అది పోయేదాకా గేదెల్ని, కుక్కల్ని అక్కడ తాగనివ్వకండి.

ప్రశ్న: మా నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, పాచి అందుకే వస్తోందా? పటిక వేస్తే పోతుందా? మాది మునుగోడు వైపు.

జవాబు: ఫ్లోరైడ్‌కు, పాచికి సంబంధం లేదు. పటిక సంగతి మీకు ఎందుకు తట్టిందో అర్థమైంది. పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి తాగునీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ తయారు చేసిన నల్గొండ టెక్నిక్ అది. పాచి నీళ్లలోనూ పటిక పనిచేస్తుంది. పచ్చటి కణాలను ముద్దగా చేసి కిందికి దింపుతుంది, భాస్వరాన్ని కూడా పట్టుకుంటుంది. చేపలు లేని తొట్టి అయితే వెయ్యి లీటర్లకు 50 గ్రాములు కరిగించి పోసి, కలిపి, రాత్రంతా మోటారు ఆపి కదలకుండా వదిలేయండి. పొద్దున అడుగున దిగిన ముద్దను పైపుతో లాగి పారబోయాలి, అది అక్కడే ఉంటే మోటారు వేయగానే మళ్లీ లేస్తుంది. చేపలుంటే పటిక వద్దు, నీళ్లు ఆమ్లంగా మారితే వాటి మొప్పలు దెబ్బతింటాయి.

ప్రశ్న: ఫౌంటెన్ పెడితే డెంగీ దోమలు వస్తాయని మా అత్తమ్మ గొడవ.

జవాబు: అత్తమ్మ భయంలో నిజముంది. డెంగీ దోమ గుడ్లు పెట్టేది నిలవ ఉన్న మంచి నీళ్లలోనే, గుడ్డు దోమ కావడానికి మన ఎండల్లో వారం పది రోజులు చాలు. నీళ్లు కదులుతూ ఉంటే, నాలుగు గప్పీ చేపలుంటే పిల్ల పురుగు మిగలదు. ఊరికి వెళ్తూ మోటారు కట్టేసి, చేపలు లేని ఫౌంటెన్‌ను నీళ్లతో అలాగే వదిలేస్తేనే ప్రమాదం. వెళ్లే ముందు మొత్తం ఖాళీ చేసి లోపల గోడలు రుద్ది ఆరబెట్టండి, గుడ్లు గోడకు అంటుకుని ఉంటాయి. కూలర్ తొట్టి కూడా అదే రోజు చూసుకోండి.